ఊయలలో బంతి

మొన్న మా తమ్ముడి కొడుక్కి అన్నప్రాశన చేశారు. దేవుడి ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, పువ్వు పెట్టి వాణ్ణి వదిలారు. వాడు పాక్కుంటూ వెళ్ళి కలం పట్టుకున్నాడు. "కలెక్టరవుతాడు!" అంది మా అమ్మ. "ఏమో, మేనత్తలా కథలు రాసుకుంటూ కూర్చుంటాడేమో!" అంది మరదలు. అందరం నవ్వుకున్నాం.

అప్పుడు నాకు మాసిలన్ గుర్తొచ్చింది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో అదొక చిన్న ఊరు. ఒకప్పుడు ఉక్కు మిల్లులకు పేరు. అక్కడి ఆస్పత్రిలో మగపిల్లాడు పుడితే, టైగర్ బూస్టర్ క్లబ్బు తరఫున వాడి ఊయలలో ఓ చిట్టి ఫుట్‌బాల్ పెట్టేవారు. పుస్తకమూ లేదు, కలమూ లేదు. ఒక్క బంతే!

ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే గుండ్రని బంతి కాదు సుమండీ. బాదంకాయలాంటి తోలుబంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్ళను గుద్దుకుంటూ పరుగెత్తే ఆట. ఆ ఊరి సర్కారు బడి పేరు వాషింగ్టన్ హైస్కూలు, జట్టు పేరు టైగర్స్. పక్క ఊరు కాంటన్‌లోని మెకిన్లీ హైస్కూలుతో వాళ్ళ పోటీ 1894లో మొదలైంది. తాతలు ఆడారు, తండ్రులు ఆడారు, ఇప్పుడు మనవలు ఆడుతున్నారు.

ఆ బడిలోనే చదువుకున్న పాల్ బ్రౌన్ 1932లో కోచ్‌గా తిరిగొచ్చాడు. మిల్లుల్లో పనుల్లేక ఊరు దిగాలుపడి వున్న కాలమది. తొమ్మిదేళ్ళలో 80 ఆటలు గెలిపించాడు, ఓడినవి 8. వారమంతా తలవంచుకు తిరిగిన మనిషి ఆట రోజున తలెత్తుకోగలిగితే, ఆ ఆటను నెత్తిన పెట్టుకోడూ? 1939లో కట్టిన స్టేడియానికి తర్వాత బ్రౌన్ పేరే పెట్టారు. ఊరి జనాభా 32,000 అయితే, అందులో సీట్లు 16,000 పైచిలుకు!

ఇంతవరకూ ముచ్చటగానే వుంది. కానీ 2001లో ఈ జట్టు మీద వచ్చిన 'గో టైగర్స్' అనే డాక్యుమెంటరీలో ఒక మాట నన్ను పట్టుకుంది. కొందరు కుర్రాళ్ళు ఎనిమిదో తరగతి రెండేళ్ళు చదివారట. తప్పి కాదు. ఆటకి ఇంకో ఏడాది వయసూ, ఒళ్ళూ వస్తాయని! మన ఇళ్ళలో ఏడాది పోయిందంటే తల్లి అన్నం మానేస్తుంది. అక్కడ అది పెట్టుబడి.

ఒహాయోలో స్కూళ్ళకు నాకౌట్ పోటీలు 1972లో మొదలైతే, మాసిలన్ ఆ కప్పు మొదటిసారి గెలిచింది 2023లో. పిల్లల ఊయలల్లో బంతులు పెట్టిన ఊళ్ళో, 2018లోనే ఆస్పత్రి మూతపడింది. మిల్లుల వైభవం అంతకుముందే పోయింది. బడీ, ఆటా మిగిలాయి. అలాంటి ఊరు బంతిని గట్టిగా పట్టుకుందంటే తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు.

పైగా నాకేం హక్కుంది? నిజం చెప్పొద్దూ, ఆ రోజు కలాన్ని మా వాడి చేతికందేలా కాస్త ముందుకు జరిపింది నేనే!