బలము ఎవరి కొరకు?

మన సంఘములలో కొందరు పెద్దలు వ్యాయామమును లోకసంబంధమైన పనిగా ఎంచుదురు. కొందరు యౌవనస్థులు తమ కండలు చూచుకొనుచు ఆరాధనను మరచుదురు. పౌలు తిమోతికి వ్రాయుచు, శరీర సాధకము వలని మేలు స్వల్పమనెనే గాని, బొత్తిగా లేదనలేదు. ఆ స్వల్పమైన మేలును దేవునికి అప్పగించిన యొక మనుష్యుని చరిత్రను మీ యెదుట ఉంచుచున్నాను.

పాల్ ఆండర్సన్ 1932లో అమెరికా దేశపు జార్జియా రాష్ట్రములో టొకోవా అను ఊరిలో పుట్టెను. పసితనములోనే మూత్రపిండముల వ్యాధి అతనిని బాధించెను. అట్టివాడు పెరిగి, బరువులెత్తుట అభ్యసించి, 1955లో మ్యూనిక్ నగరమున ప్రపంచ విజేత ఆయెను.

1956 నవంబరులో మెల్బోర్న్ ఒలింపిక్ పోటీలనాటికి అతనికి తీవ్రమైన జ్వరము. ఆ కాలమున మూడు విధములుగా బరువులెత్తించి, మొత్తము లెక్కకట్టెడివారు. అర్జెంటీనా దేశస్థుడైన హంబెర్టో సెల్వెట్టి మొత్తము 500 కిలోలు ఎత్తెను. అతనితో సమానము కావలెనన్న ఆండర్సన్ చివరిగా 187.5 కిలోలు తలపైకి ఎత్తవలెను. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు రెండున్నర. సమానమైనయెడల శరీరపు బరువు తక్కువైనవానికే గెలుపని నియమము. ఆండర్సన్ బరువే తక్కువ. రెండు ప్రయత్నములు తప్పిపోయెను. మిగిలినది ఒక్కటే. అప్పుడు తాను దేవునికి మొరపెట్టితినని అతడు తరువాత సాక్ష్యమిచ్చెను. మూడవ మారు బరువు పైకి లేచెను. బంగారు పతకము అతనిదాయెను.

చదువరీ, ఇచ్చట తొందరపడవద్దు. ప్రార్థన పతకములు తెచ్చు మంత్రము కాదు. ఓడిన సెల్వెట్టిని దేవుడు ప్రేమింపలేదని ఎవరనగలరు? గెలిచినవాడు తరువాత ఏమి చేసెనో దానిని చూడుడి.

1961లో అతడు తన భార్య గ్లెండాతో కలిసి అదే రాష్ట్రములోని విడాలియాలో బాలుర గృహమొకటి స్థాపించెను. నేరములలో చిక్కి చెరసాలకు పోవలసిన పిల్లలకు అది ఇల్లాయెను. దాని పోషణకై అతడు ఊరూర తిరిగి బలప్రదర్శనలు చేసెను. జనులు బలము చూడవచ్చిరి. అతడు క్రీస్తును చూపెను. లోకములో మిక్కిలి బలవంతుడని పేరొందిన తనకే క్రీస్తు లేక గడువదని చెప్పుచుండెను.

కొంతకాలమునకు మూత్రపిండములు చెడిపోయెను. 1983లో సహోదరి తన మూత్రపిండమొకటి ఇచ్చి అతనిని బ్రదికించెను. అంత బలవంతునికిని మరియొకరి దయ కావలసివచ్చెను. 1994లో అతడు ప్రభువునందు నిద్రించెను. అతడు స్థాపించిన గృహము అతని తరువాతను నిలిచెను.

యౌవనస్థుడా, ఉదయముననే లేచి గుండు ఎత్తుము, వ్యాయామశాలకు పొమ్ము, తప్పులేదు. అయితే ఆ చేతులతోనే విధవరాలి ఇంటికప్పు వేసితివా? మంచము పట్టిన ముసలివానిని లేవనెత్తితివా? పెద్దలారా, పిల్లవానిని ఆటంకపరచవద్దు. వాని బలమునకు సంఘములో పని చూపుడి.

బలము తరిగిపోవు దినము ప్రతివానికి వచ్చును. అది రాకమునుపే, మనకున్న బలమును ఎవరి కొరకు వెచ్చింతుమో దేవుని యెదుట తీర్మానించుకొందము.