గ్రహణపు మొఱ్ఱి: నేరమెవరిది?

విశాఖపట్టణ ప్రాంతపు పల్లెలలోనేమి, తక్కిన తెలుగునాటనేమి, పెదవి చీలి పుట్టిన బిడ్డను జూచి “గ్రహణపు మొఱ్ఱి” యందురు. గర్భిణి గ్రహణవేళ కత్తి పట్టెననియో, వెలుపలికి వచ్చెననియో నిందింతురు. ఆ నింద తల్లిని జీవితాంతము వెన్నాడును. అది న్యాయమగునా యని తేల్చుటకు, పిండమున అవయవము లేర్పడు రహస్యము బయల్పడిన చరిత్రము నెఱుగవలయును.

ఒక యవయవ ముండవలసినచోట వేఱొకటి మొలచిన జంతువుల వృత్తాంతములను పెక్కింటిని కూర్చి, 1894లో ఆంగ్లేయుడగు విలియం బేట్సన్ గ్రంథము ప్రకటించెను. కారణ మాయనకు దొరకలేదు. అమెరికాలో ఎడ్వర్డ్ లూయిస్ పండ్లపై ముసరు చిన్న యీగలను దశాబ్దములు పరిశోధించి, వాని దేహభాగములను నిర్ణయించు జన్యువులు ఆ భాగముల క్రమముననే వరుసదీరి యున్నవని 1978లో తెలిపెను. 1984లో స్విట్జర్లాండునందును అమెరికాయందును పరిశోధకులు ఇట్టి జన్యువులలో 180 అక్షరముల భాగ మొకటి దాదాపు ఏకరీతిగా నుండుట కనుగొనిరి. ఆ భాగమునుండి పుట్టు మాంసకృత్తు తునక డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. ఈగకును, కప్పకును, మనుష్యునకును ఈ వంశమే కలదు.

చెఱువునీరు పంచువాడు ఒక తూము తెఱచి వేఱొకటి మూయునట్లు, ఈ మాంసకృత్తులు కొన్ని జన్యువులను మేల్కొల్పి కొన్నింటిని నిద్రపుచ్చును. ఒకే వంశపువారైనను ఎవరి ఆయకట్టు వారిదే.

మన పొరుగుననే యొక వింత జరిగెను. భువనేశ్వరమున ఉత్కల విశ్వవిద్యాలయమునందు ప్రియంవద మహాంతి హెజ్మాడీ గారును సహచరులును ఒక జాతి కప్పపిల్లల తోకలు కోసి ఎ విటమిను నిచ్చిరి. తోకకు బదులు కాళ్లు మొలచెను. ఈ సంగతి 1992లో ప్రకటితమయ్యెను. ఆ విటమినునుండి పుట్టు ఆమ్లము, డి.ఎన్.ఏ.ను పట్టుకొను వేఱొక వంశపు మాంసకృత్తులతో గూడి జన్యువులను నడపును. కావుననే గర్భిణులు వైద్యుని సలహా లేక ఎ విటమిను మందులను మిక్కిలిగా సేవింపరాదు.

ఇక మొఱ్ఱి మాట. పై పెదవి గర్భస్థ పిండమునకు 4వ వారము మొదలు 7వ వారములోపల కలిసికొనును. అప్పటికి తల్లికే గర్భము సంగతి రూఢిగా తెలియకపోవచ్చును. పైని చెప్పిన వంశములోనిదే యగు ఎమ్.ఎస్.ఎక్స్.1 అను జన్యువు చెడిన ఎలుకపిల్లలకు అంగిలి చీలునని 1994లో తేలెను. మనుష్యకుటుంబ మొకదానియందును ఆ లోపముతో మొఱ్ఱి కలిగెనని 2000లో వెల్లడియయ్యెను. వేఱు జన్యువులును, పొగాకును, కొన్ని మందులును గూడ కారణములు కావచ్చును. వీనిలో గ్రహణము లేదు.

శస్త్రచికిత్సచే పెదవిని కలుపవచ్చును. విశాఖలో 1923లో వెలసిన కింగ్ జార్జి ఆస్పత్రివంటి పెద్ద వైద్యశాలకు బిడ్డను కొలది నెలల ప్రాయముననే పంపుడు. తల్లిపై మోపిన నిందను తొలగించుట మాత్రము వైద్యుని చేతిలో లేదు. అది గ్రామపెద్దలగు మీ చేతిలోనే యున్నది.