చింతకొమ్మే శరణాలయం
ఉద్దానం తీరంలో వన్యప్రాణులూ, వాటికోసం వచ్చిన చట్టాలూ

ఆంధ్రప్రదేశ్‌లో చట్టబద్ధంగా ప్రకటితమైన 13 వన్యప్రాణి అభయారణ్యాలు, 3 జాతీయ ఉద్యానవనాలు ఉండగా, వాటిలో ఒక్కటైనా శ్రీకాకుళం జిల్లాలో లేదు. ఇచ్ఛాపురం నుంచి బయలుదేరితే విశాఖపట్నం శివారులో 2002లో ప్రకటించిన కంబాలకొండ దాకా అభయారణ్యం అన్న హోదా గల నేల కనిపించదు. అయినా ఈ జిల్లాలోనే గూడబాతులు ఊరి నడుమ చెట్లపై పిల్లలను పెంచుతాయి, ఎలుగుబంట్లు జీడితోటల్లో తిరుగుతాయి, సముద్ర తాబేళ్లు రాత్రివేళ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. చట్టం గీసిన హద్దులకూ ప్రాణులు ఎంచుకున్న తావులకూ మధ్య ఇంత ఎడం ఎలా ఏర్పడిందో తెలియాలంటే, ఈ తీరంలో అడవి ఎవరి చేతుల్లో ఉండేదన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేంతవరకు టెక్కలి, మందస ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లాగా ఏర్పడింది 1950లో. మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల రక్షణకు 1873లోనే చట్టం చేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వ భూములలోని అడవులను రిజర్వు చేయడానికి, అంటే అందులో ఎవరు అడుగుపెట్టవచ్చో, ఏమి తెచ్చుకోవచ్చో సర్కారే నిర్ణయించడానికి, దారి తీసింది. పక్షుల వేటను కట్టడి చేయడానికి దేశం మొత్తానికి 1887లో ఒక చట్టం, దానిని విస్తరిస్తూ 1912లో మరొకటి వచ్చాయి. అయితే మహేంద్రగిరి పాదాన ఉన్న అడవులలో అధిక భాగం జమీందారులది. అక్కడ వంటచెరకు తెచ్చుకోవాలన్నా, పశువులను తోలాలన్నా, నాగలికి కర్ర కొట్టుకోవాలన్నా జమీందారు మనుషుల అనుమతి కావాలి, దానికి రుసుము కట్టాలి.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. ఆ ఊపులో మందస జమీందారీ రైతులు అడవిపై తమ హక్కు చాటుతూ కలప కొట్టి తెచ్చుకున్నారు. అందుకు కారకులను పట్టుకోవడానికి గుడారి రాజమణిపురం వచ్చిన పోలీసులను ఊరివారు అడ్డగించగా, ఏప్రిల్ 1న జరిగిన కాల్పులలో సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులు మరణించారు. ఆమెను ఉద్దానమని పిలిచే ఈ తీరప్రాంతంలో నేటికీ వీర గున్నమ్మ అనే అంటారు. సాధారణంగా ఈ ఘటనను రైతాంగ పోరాటాల చరిత్రలో చెబుతారు గాని, వన్యప్రాణి సంరక్షణ చరిత్రలోనూ దీనికి చోటు ఉండాలి. ఎందుకంటే అడవికి కంచె వేయడమంటే పొయ్యిలోకి కర్ర లేకుండా చేయడమేనని ఈ ప్రాంతపు జ్ఞాపకంలో నాటుకుపోయింది. ఆ తరువాత ఏ పేరుతో హద్దురాయి పాతినా, అది ఏనుగు కోసమని చెప్పినా, పక్షి కోసమని చెప్పినా, ఊరివారు అనుమానంగా చూడడంలో వింత లేదు.

1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయి అడవులు ప్రభుత్వపరమయ్యాయి. వన్యప్రాణులకు సమగ్రమైన చట్టం రావడానికి మాత్రం మరో పాతికేళ్లు పట్టింది. అప్పటికి రాజ్యాంగం ప్రకారం అది రాష్ట్రాల పరిధిలోని అంశం కావడంతో, కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరగా పార్లమెంటు 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. ఆ తీర్మానం చేసిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అడవులు, వన్యప్రాణులు ఉమ్మడి జాబితాలోకి మారింది 1976లో, 42వ రాజ్యాంగ సవరణతో. 1972 చట్టం ప్రధానంగా రెండు రకాల రక్షిత ప్రాంతాలను గుర్తించింది. అభయారణ్యంలో కలెక్టరు విచారణ జరిపి స్థానికుల హక్కులు కొన్నింటిని కొనసాగనివ్వవచ్చు. జాతీయ ఉద్యానవనంలో హక్కులన్నీ ప్రభుత్వానికి దఖలు పడాలి, పశువుల మేతకు సైతం తావు లేదు. రెండింటికీ మూలం ఒకే ఊహ: ప్రాణులు ఒకచోట ఉంటాయి, మనుషులు మరోచోట ఉంటారు, మధ్యలో గీత గీయవచ్చు.

ఆ ఊహ తేలినీలాపురంలో నిలవదు. టెక్కలికి దగ్గరలో, నౌపడ ఉప్పు మడులకు పక్కనే ఉన్న ఈ ఊరికి వర్షాకాలం చివర, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరుకుంటాయి. చింతచెట్ల మీద, తుమ్మల మీద పుల్లలతో గూళ్లు కట్టి, పిల్లలు రెక్కలు విప్పుకునేదాకా ఉండి, వేసవి ముదరకముందే వెళ్లిపోతాయి. తల్లి గూడబాతు మడుల నుంచి, తంపరలనే పల్లపు చిత్తడినేలల నుంచి పట్టిన చేపలను తెచ్చి నోరు తెరిస్తే, పిల్ల తల మెడదాకా ముక్కు కింది సంచిలోకి దూరిపోతుంది. చెట్ల కింద నేల రెట్టతో తెల్లబడి, జారిపడిన చేపల నీచువాసనతో నిండిపోతుంది. ఇళ్ల మధ్య నెలల తరబడి దీనిని భరించేవారు ఆ పక్షులను తరిమివేయకపోవడమే అసలైన సంరక్షణ. అవి వస్తే వానలు కురుస్తాయని, పంట పండుతుందని, రాకపోతే కీడని ఊరి నమ్మకం. అటవీ శాఖ సందర్శకుల కోసం ఏర్పాట్లు చేసింది తరువాతి కాలంలోనే.

వీటిని సైబీరియా పక్షులని పిలవడం పత్రికలలోనూ పరిపాటి అయిపోయింది. గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షి, సైబీరియాతో దానికి పని లేదు. చలి తప్పించుకోవడానికి ఉత్తరం నుంచి వచ్చే వలస పక్షి ఇక్కడ మేస్తుంది, ఎండలు ముదిరితే పోతుంది, గూడు మాత్రం స్వదేశంలోనే కడుతుంది. తేలినీలాపురంలో గూడు కట్టేవాటికి ఇదే పుట్టినిల్లు. ఈ తేడా పండితుల పట్టింపు మాత్రమే కాదు: మేతకు వచ్చే పక్షి ఒక చెరువు ఎండితే మరో చెరువుకు పోగలదు, గూటి చెట్లు కొట్టేస్తే మాత్రం ఒక తరం సంతానమే ఆగిపోతుంది. కొల్లేరు చెంత ఆరేడులో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు గుర్తించిన గూడబాతుల పెద్ద స్థావరం 1970ల నాటికి ఖాళీ అయిపోయింది. అప్పటి నెల్లూరు జిల్లా నేలపట్టులో గూటిచెట్లకు అభయారణ్య హోదా వచ్చింది 1976లో. తేలినీలాపురానికి ఆ హోదా రాలేదు, వస్తే ఊరినే ఖాళీ చేయించాల్సి వచ్చేదేమో.

ఇచ్ఛాపురం వైపున్న తేలుకుంచికి వచ్చేది మరో పక్షి, నత్తగుల్ల కొంగ. తొలకరితో దిగి, శీతాకాలం మొదలయ్యేసరికి వెళ్లిపోతుంది. దాని ముక్కు పై దవడకూ కింది దవడకూ మధ్య సందు ఉంటుంది, పిల్లలకు అది ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. వరిమడిలోని నత్తను ఆ ముక్కుతో అదిమిపట్టి, మూత సందులోంచి ముక్కు మొన దూర్చి, గుల్లకు అంటుకున్న కండరాన్ని కోసి, గుల్ల పగలకుండానే లోపలి మాంసాన్ని లాగేస్తుంది. వరినారును తినే నత్తలను ఏరివేసే కూలీ అది, అదీ జీతం లేకుండా.

ఈ పక్షులకు చెట్టు ఊరిలో ఉంటే, తిండి ఊరి బయట బీలలలోనూ తంపరలలోనూ ఉంటుంది. కొండల నుంచి దిగిన వాగునీరు సముద్రపు ఇసుకదిబ్బలు అడ్డుపడి నిలిచిపోయే పల్లపు నేలలను సోంపేట వైపు బీల అంటారు, కాకరాపల్లి వైపు తంపర అంటారు. చేపలు, మేత, పైరుకు నీరు అన్నీ అక్కడివే. రెవెన్యూ దస్త్రాలలో మాత్రం ఇటువంటివి పనికిరాని ప్రభుత్వ భూములుగా నమోదై ఉంటాయి. ఆ ఒక్క మాట ఆధారంగా 2000ల చివర బీలలోనూ తంపరలోనూ చెరొక 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి వద్ద పోలీసు కాల్పులు జరిగి స్థానికుల ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ రద్దు చేసింది కూడా ఆ జూలై 14నే. 1940లో అడవి నుంచి కర్ర తెచ్చుకునే హక్కు కోసం నిలబడ్డ ప్రాంతమే, ఏడు దశాబ్దాల తరువాత చిత్తడినేలను కాపాడుకోవడానికి నిలబడింది. ఈ ఉద్యమకారులెవరూ తమను వన్యప్రాణి సంరక్షకులమని చెప్పుకోలేదు గాని, గూడబాతుల మేతను కాపాడిన ఘనతలో పెద్ద వాటా వారిదే.

సోంపేట కాల్పులు జరిగిన ఏడాదే, 2010 డిసెంబరులో, కేంద్రం తొలిసారి చిత్తడినేలల సంరక్షణకు నియమాలు తెచ్చింది. వాటి స్థానంలో 2017లో కొత్త నియమాలు వచ్చాయి. వాటిలో ఉప్పు తయారీకి, చేపల పెంపకానికి, సాగునీటికి మనుషులు ఏర్పరచిన నీటివనరులు చిత్తడినేలల నిర్వచనంలోకి రావని రాసుకున్నారు. పక్షిశాస్త్రజ్ఞులు పక్షుల ముఖ్య ఆవాసాల జాబితాలో చేర్చిన నౌపడలో పక్షి వాలే మడి ఉప్పుమడి అయితే, ఈ నియమాల దృష్టిలో అది చిత్తడినేల కాదు. సమీపంలోని మూలపేటలో ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన తరువాత ఈ నిర్వచనపు లొసుగుకు మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

పక్షులకు ఊరి ఆదరణ ఉన్నట్టు ఎలుగుబంటికి లేదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట మండలాల్లోని రాతిగుట్టల సందులలో పగలు పడుకొని, రాత్రి చెదపుట్టలు తవ్వి తినే ఈ జంతువుకు జీడిపండ్లు, పనసపండ్లు మహా ప్రీతి. ఉద్దానమంతా అవే తోటలు. టెక్కలి నీలి గ్రానైటు కోసం గుట్టలను తొలుస్తుండడం, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి చెట్లను కూల్చివేయడం మనిషికీ ఎలుగుకూ ఉన్న చోటును మరింత ఇరుకు చేశాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఒక ఎలుగుబంటి దాడిలో ఒక రైతు చనిపోయాడు, పలువురు గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి దానిని పట్టుకున్నారు గాని, విశాఖపట్నం జూకు తరలించే క్రమంలో అది మరణించింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ఎలుగుబంటి వంటి మొదటి షెడ్యూలు జంతువు, అంటే అత్యున్నత రక్షణ గల జంతువు, మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమైతే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ మాత్రమే, కారణాలు రాతపూర్వకంగా చూపి, వేటకు అనుమతించగలరు. పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, మరోచోటికి తరలించడం సాధ్యం కాదని తేల్చుకోకుండా చంపే ఉత్తర్వు ఇవ్వకూడదు. పట్టుకున్న జంతువును ఉంచేందుకు మిగిలేది జూ. విశాఖలో కంబాలకొండ అడవి అంచున సుమారు 625 ఎకరాలలో 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఈ తీరానికంతటికీ దిక్కు. జూలకు 1855లో మద్రాసులో మొదలైన చరిత్ర ఉన్నా, వాటిని అదుపు చేసే చట్టం 1991 దాకా రాలేదు. ఆ ఏడాది సవరణతో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పాటుకు వీలు కలిగి, 1992లో అది పని ప్రారంభించింది. దాని గుర్తింపు లేకుండా ఒకచోట స్థిరంగా ఉన్నదైనా, సర్కసులా ఊరూరా తిరిగేదైనా, జంతువులను ప్రజలకు ప్రదర్శించరాదు. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలను ఆటలకు వాడరాదని 1998లో వచ్చిన ప్రకటనను సుప్రీంకోర్టు 2001లో సమర్థించగా, సర్కసుల నుంచి విడిపించిన జంతువులకు ఆశ్రయమిచ్చిన కేంద్రాలలో విశాఖ, తిరుపతి ఉన్నాయి. ఆ ఏర్పాటు బోనులో పుట్టిన సింహానికి తగినది. జీడితోటలో తిరిగే అడవి ఎలుగును మత్తులో పెట్టి జాతీయ రహదారి మీద గంటల తరబడి తీసుకుపోవడం పరిష్కారం అనిపించుకోదు. తోటలకు దగ్గరలోనే శిక్షణ పొందిన పశువైద్య బృందం, గుట్టల చుట్టూ తవ్వకాలకు హద్దు అవసరం.

సముద్రపు ఒడ్డున కథ కొంత మెరుగు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒక్కొక్కటి నూరు గుడ్లకు పైగా పెట్టే ఈ ఇసుకలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు, మత్స్యకార యువకులు గుడ్లను ఏరి కంచె లోపల పొదిగించి పిల్లలను నీటిలోకి వదులుతున్నారు. ఇక్కడా పని చేస్తున్నది ఊరి ఒప్పుదలే.

ఆ ఒప్పుదలకు చట్టంలో చోటు లేకపోలేదు. 2002 సవరణతో చేరిన 36-సి సెక్షన్ ప్రకారం, ప్రజలు తమంతట తాము ముందుకు వచ్చిన ప్రైవేటు లేదా గ్రామ ఉమ్మడి భూములను రాష్ట్ర ప్రభుత్వం సామాజిక సంరక్షిత ప్రాంతంగా ప్రకటించవచ్చు. దాని నిర్వహణ సంఘంలో గ్రామ పంచాయతీ నియమించే ప్రతినిధులదే మెజారిటీ. ఒకసారి ప్రకటించాక ఆ సంఘం తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ లేకుండా భూవినియోగం మార్చరాదు. ఎవరి ఇల్లూ ఖాళీ చేయించనక్కరలేదు. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో ఇవే గూడబాతులు, ఇవే ఎర్రకాళ్ల కొంగలు, ఇవే చింతచెట్లు, ఇలాగే ఇళ్ల నడుమ ఉండగా, ఆ రాష్ట్రం 2007లో ఆ ఊరిని ఈ సెక్షన్ కిందికి తెచ్చింది. పక్షుల కోసం చింతకాయ దులపకుండా వదిలేసిన చెట్ల యజమానులకు అక్కడి అటవీ శాఖ పరిహారమూ ఇచ్చింది. తేలినీలాపురం, తేలుకుంచి పంచాయతీలు తీర్మానం చేసి పంపితే, అదే సెక్షన్‌ను ఇక్కడ వర్తింపజేయడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి చట్టంలో ఏ అడ్డంకీ లేదు.