ఆటలో కారు సోకులు

వాడరేవు నుంచి చీరాల, పర్చూరు, చిలకలూరిపేట మీదుగా పిడుగురాళ్ల వెళ్లే 167ఎ జాతీయ రహదారి మీద ఓ పూట నిలబడితే చాలు, బండికి సోకు చెయ్యడమంటే ఏమిటో తెలుస్తుంది. మిర్చి టిక్కీలు మోసే లారీ బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు. ఆటో వెనక అభిమాన హీరో. ఫోనులో కార్ల రేసు ఆడే కుర్రాడికీ కావలసింది అలాంటి బండే. ఆటల్లోకి మాత్రం ఈ సోకు కాలిఫోర్నియా షెడ్లలోంచి వచ్చింది.

1930ల్లో అక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు చవగ్గా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, ఇంజనుకు పదును పెట్టి, ఎండిన సరస్సుల్లో పందేలు వేసేవాళ్లు. అవే హాట్ రాడ్‌లు. ఆ లోకాన్ని 1989లో 'స్ట్రీట్ రాడ్' అనే ఆట కంప్యూటర్లోకి తెచ్చింది. 1963 వేసవిలో నడిచే కథ అది. పేపర్లో ప్రకటన చూసి పాత కారు కొనాలి, ఇంజను సామాను మార్చాలి, పందెం గెలిచి ఇంకా మంచి కారుకు ఎగబాకాలి.

1997లో జపానులో కజునోరి యమౌచి బృందం ప్లేస్టేషన్‌కు 'గ్రాన్ టురిస్మో' తీసుకొచ్చింది. చేతిలో 10,000 క్రెడిట్లు పెట్టి కారు కొనుక్కోమంటుంది. ఆపైన టర్బో, సస్పెన్షన్, గేర్ల నిష్పత్తి, అన్నీ మన చేతిలోనే. ఆట కాస్తా మెకానిక్ చదువైంది. సోకు చాలావరకు బానెట్ లోపలే.

దాన్ని బయటికి లాగింది సినిమా. 2001లో 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' ఆడింది. 2003లో 'నీడ్ ఫర్ స్పీడ్: అండర్‌గ్రౌండ్' వచ్చింది. స్టిక్కర్లు, స్పాయిలర్లు, కారు కింద నియాన్ వెలుగులు. కారు ఎంత బాగుంటే అంత పేరు. మరుసటి ఏడు రెండో భాగంలో డిక్కీ నిండా స్పీకర్లు కూడా బిగించుకోవచ్చు. 2005లో 'ఫోర్జా మోటార్‌స్పోర్ట్' కుంచెనే ఆటగాడి చేతికిచ్చింది. పొర మీద పొర వేసి కారు మీద ఏ బొమ్మైనా గీసుకోవచ్చు. 2007 నాటి రెండో భాగంలో అలా గీసిన కార్లను వేలంలో అమ్ముకున్నారు.

మన దగ్గర ఈ మోజుకు రోడ్డు మీద చోటు తక్కువ. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆటలోనే తీరాలి. అక్కడా మెనూలో ఉన్నది లాస్ ఏంజెలెస్ వీధో, టోక్యో వీధో. 2017లో ఇండోనేషియా వాళ్ల 'బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా' మాత్రం బస్సుకు సొంత రంగులు వేసుకునే వీలిచ్చింది. మనవాళ్లు ఆర్టీసీ రంగులు పూసేశారు.

కార్ల ఆటలు కూడా మన సోకులకు వీలివ్వాలి. తెలుగు అక్షరాల నంబరు ప్లేటు, దిష్టి నిమ్మకాయలు, వెనకద్దం మీద హీరో బొమ్మ, రాగం తీసే హారను. స్పీడు పెంచవుగానీ, చూడగానే కారు ఏ ఊరిదో చెప్పేస్తాయి.