ఆముదపు చేతులు

1974 వేసవిలో మా పిన్ని పురిటికి బొబ్బిలి దగ్గర అమ్మమ్మగారి ఊరు వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పురుడు వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే పెరటి గుమ్మంలో ఒకావిడ వచ్చి కూర్చునేది. ఊరంతా ఆవిడను మంత్రసాని అనే పిలిచేది. పేరేమిటని నేనూ అడగలేదు. ఇప్పుడు ఆవిడ గురించి రాయాలని కూర్చుంటే ముందుగా గుచ్చుకుంటున్నది అదే.

ఆముదం గిన్నెను వేణ్నీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసుకునేది. పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, వెనక గొంతుక్కూర్చుని, ముందు రెండు అరచేతులూ వీపు మీద ఊరికే ఆనించి ఉంచేది. కాసేపు ఏమీ చేసేది కాదు. పిన్ని బిగపట్టిన భుజాలు వదిలేసిందని తెలిశాక నిమరడం మొదలు. ఆ తర్వాత వెన్నుపూసకు రెండు పక్కలా బొటనవేళ్లు ఆన్చి నడుము నుంచి మెడదాకా నొక్కుకుంటూ పోయేది. ఎముక మీద మాత్రం వేలు పడనిచ్చేది కాదు. కాళ్లు ఎప్పుడూ పాదం నుంచి పైకే పట్టేది. చివర్లో నడుం మీద దొప్పచేతులతో తట్టి, వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్లు పోసేది. ఆ తర్వాత పసివాడి వంతు. కాళ్లు బారజాపుకుని వాడిని వాటిమీద బోర్లా పడుకోబెట్టుకుంటే, అంతదాకా ఏడ్చినవాడు కూడా ఊరుకునేవాడు.

పన్నెండో రోజునో ఆ మర్నాడో, పిన్ని ఎడమ పిక్క పట్టేసిందంది. గట్టిగా రుద్దమంది. ఆవిడ నూనె చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, చేతి వెనకభాగంతో రెండు పిక్కలూ మార్చి మార్చి తాకి చూసింది. ఎడమది వాచి, వేడిగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అమ్మగోరూ, ఈ కాలు మీద నేను చెయ్యి ఎయ్యను. పట్నం పంపీండి.”

అమ్మమ్మ విసుక్కుంది. ఎప్పుడూ పట్టేదేగా, ఇవాళ ఏం వచ్చిందని. ఆవిడ లేవలేదు, నూనె ముట్టుకోలేదు. ఆ సాయంత్రం పట్నంలో డాక్టరు, కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని చెప్పాడు. రుద్ది ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు వెళ్లి ఉండేది కావచ్చు. పిన్ని చాలా రోజులు మంచాన ఉండి తేరుకుంది.

ఫిజియోథెరపీ చదవడానికి చేరాక మర్దన పాఠంలో మొదట విన్నది స్వీడన్ పేరు. 1813లో స్టాక్‌హోమ్‌లో పేర్ హెన్రిక్ లింగ్ పెట్టిన వ్యాయామ సంస్థ, ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ డాక్టర్ మెట్స్‌గర్. ఎఫ్లూరాజ్, పెట్రిసాజ్, టపోత్‌మాఁ అనే ఫ్రెంచి మాటలు బట్టీపట్టాం. పరీక్షకు చదువుతున్న రాత్రి హఠాత్తుగా తట్టింది: నిమరడం, పిసకడం, తట్టడం. వరుస కూడా అదే. పెరటి గుమ్మంలో కూర్చున్న ఆవిడ రోజూ చేసింది ఇదే కదా!

మన దగ్గర దీనికి రాతల్లేవని కాదు. రోజూ నూనె పట్టించుకోమని, తలకూ చెవులకూ పాదాలకూ మరీ ముఖ్యమని, అజీర్ణంగా ఉన్నప్పుడు వద్దని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే ముప్పావు పింటు నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకుని, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా బరువులెత్తి కత్తి తిప్పేవాడని రాశాడు. శాస్త్రానికి గ్రంథం ఉంది, రాజుకు యాత్రికుడు ఉన్నాడు. పల్లెల్లో ఈ విద్యను నిలబెట్టింది ఎక్కువగా మంగలి ఇళ్లు. మగవాళ్లు క్షవరంతోపాటు కురుపులు కోసి కట్టు కట్టేవాళ్లు, సన్నాయి వాయించేవాళ్లు. ఆడవాళ్లు పురుళ్లు పోసేవాళ్లు, ఒళ్లు పట్టేవాళ్లు. వాళ్ల గురించి ఎవరు రాశారు?

పేరు దక్కించుకున్నవాడు ఒకడున్నాడు. పట్నాలో 1759లో పుట్టిన దీన్ మహమ్మద్, కంపెనీ సైన్యంలో పనిచేసి ఐర్లండ్ మీదుగా ఇంగ్లండ్ చేరి, బ్రైటన్ సముద్రతీరంలో స్నానశాల పెట్టాడు. మూలికల ఆవిరి పట్టించి, ఫ్లానెల్ గుడారంలో కూర్చోబెట్టి, దానికున్న సందుల్లోంచి చేతులు పెట్టి ఒళ్లు పట్టేవాడు. నాలుగో జార్జి రాజుకు ఆస్థాన మర్దనవైద్యుడయ్యాడు. ఆ వైద్యాన్ని ఇంగ్లిషువాళ్లు ‘షాంపూయింగ్’ అన్నారు. నొక్కు, పిసుకు అనే అర్థమున్న హిందీ ‘చాంపో’ నుంచి వచ్చిన మాట అది. తర్వాత తలస్నానానికి మారి, మన పచారీ కొట్లో రూపాయి ప్యాకెట్‌గా వేలాడుతోంది. ఒళ్లు పట్టడం అనే అర్థం దారిలో ఎక్కడో జారిపోయింది.

1894లో లండన్‌లో మర్దన పేరుతో చెడ్డ పనులు జరుగుతున్నాయని వైద్యపత్రిక ఒకటి ఎత్తిచూపింది. తమ వృత్తి పరువు కాపాడుకోవడానికి నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టుకున్నారు. డాక్టరు చెప్పనిదే మర్దన చేయకూడదు, రోగులకు మందులు అమ్మకూడదు అని నియమాలు రాసుకున్నారు. పరీక్షలు పెట్టారు. 1920కల్లా రాజముద్ర సంపాదించారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపీ సంఘానికి మూలం అదే. ఆ నలుగురంటే నాకు నిజమైన గౌరవం. నా డిగ్రీ వాళ్ల కష్టం మీదే నిలబడింది. కానీ తన హద్దు తెలిసి చెయ్యి వెనక్కి తీసుకోవడం మా పెరట్లో ఆవిడకు ఏ సంఘమూ నేర్పలేదు. తల్లి నేర్పి ఉంటుంది, ఆ తల్లికి ఆమె తల్లి. ఇరవయ్యొక్క రోజుల పనికి ఆవిడకు ముట్టింది కుంచెడు బియ్యం, ఒక పాత చీర. పిన్నిని బతికించినందుకు ఇంకేమన్నా ఇచ్చారా అని పెద్దయ్యాక అమ్మను అడిగాను. అమ్మ మాట్లాడలేదు.

నడుం పట్టేసిందని, మెడ తిరగడం లేదని నా దగ్గరికొచ్చేవాళ్లు ముందు కొంచెం భయపడతారు. మొదటి రోజు మాటలే ఎక్కువ ఉంటాయని చెబుతాను. జ్వరముందా, ఎక్కడైనా కొత్తగా వాచిందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని అడుగుతాను. నొక్కినప్పుడు ‘హమ్మయ్య’ అనిపించే నొప్పి పరవాలేదు, ఊపిరి బిగపట్టించే నొప్పి అయితే ఆపమనండి అంటాను. మర్నాడు ఒళ్లు కాస్త పులిసినట్టు ఉండొచ్చు, రెండ్రోజుల్లో పోతుంది. ఒక్కసారితో అంతా వదిలిపోతుందని ఎవరికీ మాటివ్వను.

అరచేతులు వీపు మీద ఆనించి, భుజాలు వదిలేదాకా ఆగుతాను. కాళ్ల వంతు వచ్చినప్పుడు నూనె చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని, చేతి వెనకభాగంతో రెండు పిక్కలూ మార్చి మార్చి తాకి చూస్తాను.