బడి భోజనము – మంచినీళ్లు



మన పెద్దల భోజనము ఆపోశనముతో నారంభమై, ఉత్తరాపోశనముతో ముగియుచుండెను. విస్తరి ముందు కూర్చుండినవానికి మొదట నందునది నీరు, కడపట నందునదియు నీరే. ఇట్టి దేశమున, బడిపిల్లల భోజనచరిత్రలో అన్నము ముందు నడచి నీరు బహుదూరము వెనుకబడుట నాకు వింతగా తోచును. నేడు ఆ సంగతియే మనవి చేసెదను.

1920వ సంవత్సరమున చెన్నపట్టణపు నగరపాలక సంఘము, థౌజండ్ లైట్స్ ప్రాంతమందలి తన పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్నమున ఫలహార మొసగుటకు తీర్మానించెను. అప్పటి సంఘాధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగువారు. దినమునకు తల యొక్కింటికి ఒక అణాకు మించరాదని హద్దు. ఆకలిచే బీదబిడ్డలు బడి మానకుండవలెనని వారి యుద్దేశము.

అన్నమున కట్లు దారి యేర్పడెను. నీటి కథ వేరు. కుళాయి యెదుటనే యున్నను దాహముతో మాడిన పిల్లలు మన దేశమున నుండిరి. అంబేద్కరుగారు సతారాలో చదువుకొను దినములలో తక్కిన బాలురు తామే కుళాయి త్రిప్పుకొని త్రాగెడివారు. ఆయన దానిని తాకరాదు. బంట్రోతు వచ్చి త్రిప్పిననే ఆయనకు నీరు. బంట్రోతు లేనినాడు నీరును లేదు. ఈ సంగతి ఆయనయే వ్రాసియున్నారు. చదివినప్పుడెల్ల నాకు బాధ కలుగును. ఆ బడిలో ఉపాధ్యాయుడు లేకపోలేదు గదా! ఆయన లేచి కుళాయి త్రిప్పిన నేమి పోయెడిది?

1923లో బొంబాయి శాసనసభ, ప్రజాధనముతో నిర్మించిన చెరువులు, బావులు, పాఠశాలలు అందరికిని తెరువవలెనని తీర్మానించెను. తీర్మానము కాగితముపై నుండెను. 1927 మార్చి 20వ తేదీన మహాడ్‌లో అంబేద్కరుగారు వేలాది జనముతో చవదారు చెరువునకు నడచి, దోసిట నీరు త్రాగిరి. అటుపై వ్యాజ్యము సాగి, 1937లో బొంబాయి ఉన్నత న్యాయస్థానము తీర్పుతో ఆ హక్కు స్థిరపడెను. దోసెడు నీళ్లకు పదియేండ్లు!

ఆ 1937లోనే మన నెల్లూరు జిల్లా పల్లెలనుండి మరియొక వార్త వైద్యపత్రికల కెక్కెను. అచటి జనుల పండ్లు గారపట్టుటకును, ఎముకలు బిగిసికొనిపోవుటకును బావినీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు తేల్చిరి. నల్లగొండ జిల్లా బాధ మీరెల్లరు నెరిగినదే. పటికయు సున్నమును కలిపి, కలియబెట్టి, తేర్చి ఆ విషమును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచెను. కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు. ఎదుగు వయసు పిల్లలకు దానివలన హాని మెండు. కావున బడిలో బోరుబావి యున్నదని తృప్తిపడరాదు, ఆ నీరెట్టిదో పరీక్ష చేయింపవలెను.

ఈ యాలస్యము మనకే చెల్లినది కాదు. సంపన్నదేశమైన అమెరికాలో బడి భోజనపు చట్టము 1946లో వచ్చెను. పాలు భోజనమున భాగమయ్యెను. భోజనము పెట్టుచోటనే పిల్లలకు ఉచితముగా త్రాగునీ రుంచవలెనను చట్టము మాత్రము 2010లోగాని రాలేదు. అరువదినాలుగేండ్ల యెడము!

మన సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనమునే పెట్టవలెనని ఆజ్ఞాపించి, 300 కెలోరీలు, 8 నుండి 12 గ్రాముల మాంసకృత్తులు అని కొలత లిచ్చెను. 2003లో మన రాష్ట్రమున భోజనము మొదలయ్యెను. మంచినీటి మాట 2004 ఏప్రిలు 20 నాటి యుత్తరువులో వచ్చెను. అదియు కుండలీకరణముల నడుమ, ఇతర వసతులతోపాటు! అయినను ఆ యుత్తరువే వంటవారి నియామకమున దళితులకు మొదటి యవకాశ మియ్యవలెననెను. సతారా కుళాయి కథ నెరిగినవారికి ఆ వాక్యము విలువ తెలియును.

2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలందరికిని సురక్షితమైన, చాలినంత త్రాగునీటి వసతిని బడికి విధిగా చేసెను. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టి మరల హెచ్చరించెను. బడికి వచ్చిన పెద్దలు అన్నపు గంగాళము మూత తీసి చూచుట నేనెరుగుదును. నీళ్లతొట్టి మూత తీసినవారిని అరుదుగా చూచితిని. ఆ చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. బడి పని తీరును కనిపెట్టి చూచుట వారి విధులలో నొకటి. తొట్టి యెన్నాళ్లకు కడిగిరో, నీటి నెప్పుడు పరీక్షించిరో, గ్లాసులు అందరివియు నొకచోటనే యున్నవో లేదో అడుగుటకు వారికి వేరొకరి సెలవు అక్కరలేదు.