అబిడ్స్–నాంపల్లి ప్రాంతంలో అత్యవసర వైద్యం

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అబిడ్స్, నాంపల్లి, వాటి చుట్టుపక్కల కోఠి, అఫ్జల్‌గంజ్, రెడ్‌హిల్స్ ప్రాంతాల్లో అత్యవసర వైద్యానికి నూటయాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ప్రమాదాలు, గుండెపోటు, పక్షవాతం, కాలిన గాయాలు, ఊపిరాడని స్థితి వంటివాటిలో తొలి నిమిషాల్లోనే ప్రాణం నిలపడం ఈ శాఖ పని. జబ్బు పేరు తేలకముందే చికిత్స మొదలుపెట్టడం దీని ప్రత్యేకత. రోగిని మొదట ఎవరు చూడాలి, ఎంత త్వరగా చూడాలి అన్న ప్రశ్నల చుట్టూనే ఈ చరిత్ర నడిచింది.

తొలినాళ్లు

నేటి ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది. తొలి దశాబ్దాల్లో అక్కడ ఉర్దూలో వైద్యం బోధించారు. 1866లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఏర్పడింది. ఇక్కడ పనిచేసిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం మత్తులో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి నిజాం ప్రభుత్వ సాయంతో 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపారు. రెండోదానికి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. ముందు ఆగేది గుండె కాదు, శ్వాస అని కమిషన్లు తేల్చాయి. తేలికపాటి మత్తులో గుండె లయ తప్పి కూడా ప్రాణం పోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించడంతో ఆ నిర్ణయాన్ని సవరించాల్సి వచ్చింది. అయినా మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస మీద కన్ను వేసి ఉంచాలన్న లారీ పాఠం చెక్కుచెదరలేదు. తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆయన శిష్యురాలే.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. నగరంలో వేలమంది చనిపోయారు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారని చెబుతారు. ఆ తరువాత వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనం లేచింది. యువరాణి నీలోఫర్ పరిచారిక ఒకరు ప్రసవంలో చనిపోయిన విషాదం నీలోఫర్ ఆసుపత్రికి ప్రేరణ అయింది. రెడ్‌హిల్స్‌లో 1953లో తెరుచుకున్న ఆ ఆసుపత్రికి నేటికీ జిల్లాల నుంచి ప్రాణాపాయంలో ఉన్న పసిపిల్లలను తీసుకొస్తుంటారు.

క్యాజువాలిటీ నుంచి ఎమర్జెన్సీ వరకు

చాలాకాలం అత్యవసర విభాగాన్ని క్యాజువాలిటీ అనేవారు. అక్కడి డ్యూటీ డాక్టరు గాయం కట్టి, ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య నివేదిక) రాసి, రోగిని సంబంధిత వార్డుకు పంపేవారు. పోలీసు కేసన్న భయంతో చేర్చుకోకుండా తిప్పి పంపడమూ ఉండేది. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లో ఆ సాకుకు తావు లేకుండా చేసింది: ముందు ప్రాణం కాపాడాలి, చట్టపరమైన లాంఛనాలు ఆ తరువాతే. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి వైద్యుడికీ ఇది వర్తిస్తుంది. భారత వైద్య మండలి 2009లో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. దాంతో ఎమర్జెన్సీ గదికి ఆ శాఖలోనే ఎండీ చేసిన వైద్యులు రావడానికి దారి పడింది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ చికిత్సను రోడ్డు మీదికే తెచ్చింది. శిక్షణ పొందిన టెక్నీషియన్ అంబులెన్సులోనే ఆక్సిజన్ పెట్టి, రక్తస్రావం ఆపి, రోగిని ఆసుపత్రికి చేరుస్తారు.

పని తీరు

ఎమర్జెన్సీ వైద్యుడు వచ్చిన వరుసలో కాక ప్రాణాపాయాన్ని బట్టి రోగులను చూస్తారు. ఎరుపు గుర్తున్నవారిని తక్షణం చూడాలి, పసుపువారు కొద్దిసేపు ఆగగలరు, ఆకుపచ్చవారు ఇంకా ఆగగలరు. ప్రతి రోగిలోనూ శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ ఇదే క్రమంలో చూస్తారు. ఛాతీనొప్పితో వచ్చినవారికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. మెదడులో రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అందుకే లక్షణం ఎప్పుడు మొదలైందన్నది రోగి తాలూకు వాళ్లను అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి. తెలుగులోనూ దక్కనీ ఉర్దూలోనూ అడగగలగడం ఈ ప్రాంతంలో వైద్యుడికి పెద్ద బలం.

సామూహిక ప్రమాదాలు

2007 ఆగస్టు 25న కోఠిలోని గోకుల్‌చాట్‌లోనూ, లుంబినీ పార్కులోనూ జరిగిన పేలుళ్లలో 42 మంది చనిపోయారు. 2019 జనవరి 30న నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ స్టాళ్లు కాలిపోయాయి. 2023 నవంబరు 13న బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాలు అంటుకుని, పొగ పై అంతస్తులకు పాకి కనీసం తొమ్మిది మంది బలయ్యారు. మృగశిర కార్తెకు ఎగ్జిబిషన్ మైదానంలోనే జరిగే చేపమందు పంపిణీకి వేలాది ఉబ్బసం రోగులు వస్తారు కనుక అక్కడ వైద్యశిబిరాలు, అంబులెన్సులు సిద్ధంగా ఉంచుతారు.

ప్రస్తుత స్థితి

2020 జూలైలో వాననీరు వార్డుల్లోకి చేరడంతో ఉస్మానియా పాత భవనాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో సుమారు 2,000 పడకల కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇరుకు దారుల్లో అంబులెన్సు చేరేలోపు బాధితుడికి దిక్కు పక్కనున్న మనిషే. అలా ముందుకొచ్చి రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవారిని కేసుల నుంచి కాపాడే నిబంధన 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో ఉంది. ఆ రక్షణ తమకుందని, గుండె ఆగినవారి ఛాతీ మీద ఎలా నొక్కాలో తాము కూడా నేర్చుకోవచ్చని ఇక్కడి దుకాణదారులకు, ఆటోడ్రైవర్లకు తెలియజెప్పడం కొత్త భవనం కట్టడమంత ముఖ్యం.